మూడో రోజు నిర్ణయం: స్టెరాయిడ్లకు లొంగని అల్సరేటివ్ కొలైటిస్‌లో సైక్లోస్పోరిన్ వాడిన ఒక కేసు

అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొర మంటెక్కి పుండ్లు పడే జబ్బు. అది ఆస్పత్రిలో చేరాల్సినంతగా తిరగబెడితే మొదటి చికిత్స నరంలోకి ఇచ్చే స్టెరాయిడ్లే. సుమారు ముగ్గురిలో ఇద్దరికి అవి పనిచేస్తాయి. పనిచేయని మూడో మనిషి సంగతి ఈ కేసు. రోగి అనుమతితోనే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

ఈ జబ్బులో ఏ మందు మంచిదన్న చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నేను చూసినంతలో మందు ఎంపిక వల్ల చెడిన కేసుల కన్నా, ఇంకో రెండు రోజులు చూద్దాం, ఇంకో రెండు రోజులు చూద్దాం అంటూ చెడిన కేసులే ఎక్కువ. అందుకే ఈ కేసులో ఏ రోజు ఏం చూశాం, ఏం నిర్ణయించాం అన్నది కాస్త విడమరిచి రాస్తున్నాను.

చేరిన రోజు

ఆమెకు 31 ఏళ్లు. నాలుగేళ్ల కిందట జబ్బు బయటపడింది. అప్పట్లో పెద్దపేగు ఎడమ భాగం వరకే ఉండేది. పేగు మంటను తగ్గించే మెసలమైన్ మాత్రలు, ఎనిమాలతో బాగానే గడిచింది. అంతా బాగుంది కదా, ఇంకా మాత్రలెందుకని ఎనిమిది నెలల కిందట మానేశారు. మోకాళ్ల నొప్పులకు కొన్నాళ్లు డైక్లోఫెనాక్ వాడారు. ఆ తర్వాత కొద్ది రోజులకే రక్త విరేచనాలు మొదలయ్యాయి. బయట రెండు వారాల పాటు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ వాడినా తగ్గలేదు.

మా దగ్గరికి వచ్చేసరికి రోజుకు 14 సార్లు విరేచనాలు, అన్నింటిలోనూ రక్తం. నాడి 118, జ్వరం 38.2 డిగ్రీల సెల్సియస్, హిమోగ్లోబిన్ 8.6, ఒంట్లో మంట ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 96, రక్తంలోని ప్రొటీన్ ఆల్బుమిన్ 2.4, బరువు 52 కిలోలు. 1955లో ట్రూలవ్, విట్స్ ఇచ్చిన కొలమానాన్నే ఇప్పటికీ వాడుతున్నాం: రోజుకు ఆరు, అంతకు మించి రక్త విరేచనాలు, వాటితో పాటు నాడి 90 దాటడం, జ్వరం 37.8 దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడం, మంటను చూపే మరో రక్తపరీక్ష ఈఎస్ఆర్ 30 దాటడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది తీవ్రమైన కొలైటిసే. ఈమెకు దాదాపు అన్నీ ఉన్నాయి.

పొట్ట ఎక్స్‌రేలో అడ్డపేగు (పెద్దపేగులో అడ్డంగా ఉండే భాగం) వెడల్పు 4.2 సెంటీమీటర్లు. పేగు ఇన్‌ఫెక్షన్ కోసం చేసే క్లోస్ట్రిడియం డిఫిసిల్ పరీక్ష, మలం కల్చర్ రెండూ నెగెటివ్. మరునాడు ఉదయం పేగు శుభ్రం చేసే మందులేవీ ఇవ్వకుండానే, గాలి చాలా తక్కువగా పంపుతూ సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి వంపు) వరకే స్కోప్ వేశాం. లోతైన పుండ్లు, ముట్టుకుంటేనే కారే రక్తం. స్కోపులో కనిపించే తీవ్రతను ఎనిమిదికి లెక్కవేసే యూసీఈఐఎస్ స్కోరు 7 వచ్చింది. బయాప్సీ తీసి సైటోమెగలో వైరస్ కోసం ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి (ముక్కలో వైరస్‌ను వెతికే పరీక్షకు) పంపాం, ఫలితం రెండు రోజుల్లో కావాలని పాథాలజిస్టుకు ఫోన్ చేసి మరీ అడిగాం. స్టెరాయిడ్ పనిచేయడం లేదనుకున్న చోట అసలు దోషి ఆ వైరసే అయితే దారి మారిపోతుంది. అప్పుడు వైరస్ మందు గాన్‌సైక్లోవిర్ ఇవ్వాలి, ఇమ్యూనిటీని ఇంకా అణచేముందు మళ్లీ ఆలోచించాలి. ఈమెకు నెగెటివ్ వచ్చింది.

హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి మొదలుపెట్టాం. దానితో పాటు రోజుకోసారి ఎనాక్సపారిన్ ఇంజెక్షన్. ఇది చూసి ఆమె భర్త కంగారుపడ్డారు. "రక్తం అంతలా పోతుంటే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తారా డాక్టర్‌గారూ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పేగు ఇంత మంట మీద ఉన్నప్పుడు కాళ్ల నరాల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. మంచానికే పరిమితమైన ఈ రోగుల ప్రాణం తీసే వాటిలో అదొకటి. ప్రాణాపాయం తెచ్చేంత రక్తస్రావం అవుతుంటే తప్ప, విరేచనంలో రక్తం పడుతోందని ఈ ఇంజెక్షన్ ఆపకూడదు.

ఆమె సంచిలో డైసైక్లోమైన్ మాత్రలు, లోపెరమైడ్ దొరికాయి. రెండూ పక్కన పెట్టించాం. పేగు కదలికను ఆపే మందు ఏదైనా ఈ దశలో పేగును ఉబ్బించే ప్రమాదం ఉంది. నొప్పికి ట్రమడాల్ లాంటివీ అంతే, డైక్లోఫెనాక్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అదే రోజు రెండు పనులు జరిగాయి. ఒకటి, స్టెరాయిడ్ తర్వాతి మందు వాడాల్సి వస్తే కావాల్సిన పరీక్షలన్నీ ముందే పంపేశాం: హెపటైటిస్ బి, టీబీ కోసం ఇగ్రా, ఛాతీ ఎక్స్‌రే, కొలెస్ట్రాల్, మెగ్నీషియం, కిడ్నీ పనితీరుకు క్రియాటినిన్, అజథయోప్రిన్ అనే మందు ఒంటికి పడుతుందో లేదో చెప్పే ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ జన్యు పరీక్షలు. రెండోది, సర్జన్‌ను పిలిచి చూపించాం. మొదటి రోజే ఆపరేషన్ మాట ఎందుకండీ అని ఆమె తల్లి బాధపడ్డారు. ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను: "అమ్మా, ఈ రోజు ఆపరేషన్ చేయడం లేదు. అవసరం వస్తే చేసే డాక్టర్ మీ అమ్మాయిని బాగా ఉన్నప్పుడే ఒకసారి చూసి ఉండాలి. అర్ధరాత్రి హడావుడిలో కొత్త ముఖం చూడకూడదు." ఆవిడకు టెన్షన్ పూర్తిగా పోలేదు కానీ, ఎందుకు పిలిచామో అర్థమైంది.

మోషన్ చార్టు

ఈ జబ్బులో నేను అన్నిటికన్నా శ్రద్ధగా చదివేది మంచం చివర తగిలించిన మోషన్ చార్టు. మా చార్టులో ఒక్కో విరేచనానికి నాలుగు గళ్లు: టైము, రక్తం ఎంత, మలం ఉందా లేక రక్తమూ జిగటేనా, నిద్రలోంచి లేచి వెళ్లారా. సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. రోజుకు 8 సార్లు వెళ్తూ రాత్రంతా నిద్రపోయిన మనిషి, 6 సార్లే వెళ్లినా అందులో నాలుగు అర్ధరాత్రి దాటాక వెళ్లిన మనిషి కన్నా నయం. ఆ చివరి గడిని నర్సులు రోగిని అడిగి నింపాలి, ఊహించి కాదు. రాయగలిగిన రోగి అయితే పెన్ను ఆమె చేతికే ఇవ్వడం ఉత్తమం. ఈమె స్వయంగా రాసుకున్నారు.

మూడో రోజు ఉదయానికి గత 24 గంటల లెక్క 9. రాత్రి నాలుగు సార్లు లేచారు. అన్నింటిలోనూ రక్తం, మలం దాదాపు లేదు. సీఆర్‌పీ 96 నుంచి 62కి దిగింది, జ్వరం తగ్గింది. సరిగ్గా ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "14 నుంచి 9కి వచ్చింది, సీఆర్‌పీ దిగుతోంది, మందు పట్టుకుంటోంది" అనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 1996లో ప్రచురించిన పరిశీలన ఈ చోటే ఉపయోగపడుతుంది. మూడో రోజున విరేచనాలు 8 దాటినా, లేదా 3 నుంచి 8 మధ్య ఉండి సీఆర్‌పీ 45 మించినా, వాళ్లలో 85 శాతం మందికి ఆ విడతలోనే పెద్దపేగు తీసేయాల్సి వచ్చిందని వాళ్లు చూపించారు. ఆ లెక్కలు రెస్క్యూ మందులు (స్టెరాయిడ్ విఫలమైతే పేగును కాపాడటానికి ఇచ్చేవి) ఇంతగా వాడుకలోకి రాని కాలానివి. శాతం ఇప్పుడు అంత ఉండకపోవచ్చు. కానీ స్టెరాయిడ్ ఒక్కదానితో గట్టెక్కరని చెప్పడానికి ఆ గీత ఇప్పటికీ సరిపోతుంది. తగ్గుముఖం పట్టడం వేరు, తగినంత తగ్గడం వేరు.

మూడో రోజు మధ్యాహ్నం సర్జన్, నేను, రోగి, ఆమె భర్త కలిసి కూర్చున్నాం. ముందున్న దారులు మూడు: ఇమ్యూనిటీని అణచే రెండు మందులు సైక్లోస్పోరిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, లేదంటే ఆపరేషన్. స్టెరాయిడ్ డోసు పెంచడం లేదా ఇంకో వారం అదే కొనసాగించడం దారి కాదని ముందే చెప్పేశాను.

సైక్లోస్పోరిన్ ఎందుకు

సైక్లోస్పోరిన్‌ది ఈ జబ్బులో పాత చరిత్రే. 1994లో లిక్టిగర్, ఆయన సహచరులు స్టెరాయిడ్లకు లొంగని రోగులతో చేసిన ట్రయల్‌లో మందు తీసుకున్న 11 మందిలో 9 మంది కోలుకున్నారు. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) తీసుకున్న 9 మందిలో ఒక్కరూ కోలుకోలేదు. ఉన్నది 20 మందే అయినా తేడా అంత స్పష్టంగా ఉంది. అప్పుడు వాడిన డోసు కిలోకు రోజుకు 4 మిల్లీగ్రాములు. 2003లో 73 మందితో చేసిన ఇంకో ట్రయల్‌లో 2 మిల్లీగ్రాములతోనూ అంతే ఫలితం వచ్చింది కాబట్టి ఇప్పుడు అదే డోసు. ఈ మందు ఇమ్యూనిటీని నడిపే టీ కణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది, దాంతో ఆ కణాలు తమను ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థాన్ని తయారు చేయలేవు. ప్రభావం రోజుల్లోనే కనిపిస్తుంది, ఈ పరిస్థితిలో మనకు కావాల్సింది అదే.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ దీనికన్నా తక్కువేమీ కాదు. 2012లో వచ్చిన సైసిఫ్ ట్రయల్‌లో 115 మందిని రెండు వర్గాలుగా చేసి పోల్చారు. చికిత్స విఫలమైంది సైక్లోస్పోరిన్‌తో 60 శాతం మందిలో, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో 54 శాతం మందిలో, ఆ తేడాకు గణాంకపరంగా విలువ లేదు. 2016 నాటి కన్‌స్ట్రక్ట్ ట్రయల్‌లో 270 మందిని చూసినా రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడటం తేలిక, రక్తంలో మందు లెవెల్స్ చూసే పని లేదు, తర్వాత అదే మందును కొనసాగించవచ్చు. ఇన్ని సౌలభ్యాలున్నాయి కాబట్టే చాలాచోట్ల మొదటి ఎంపిక అదే.

మరి ఈమెకు ఎందుకు వద్దనుకున్నాం? ఇగ్రా పాజిటివ్ వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో పాత మచ్చ ఉంది, సీటీలో చురుకైన టీబీ ఏమీ లేదు. అంటే నిద్రాణంగా ఉన్న టీబీ. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అడ్డుకునే టీఎన్ఎఫ్, టీబీ క్రిములను గ్రాన్యులోమాల్లో (వాటి చుట్టూ ఒళ్లు కట్టే కణాల గూళ్లలో) కట్టిపడేసే పదార్థం. ఆ కట్టు విప్పే ముందు కొన్ని వారాలైనా టీబీ నివారణ మందు పడాలి. మా దగ్గర వారాలు లేవు, రోజులే ఉన్నాయి. సైక్లోస్పోరిన్‌తో టీబీ భయం అసలే లేదని కాదు, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో పోలిస్తే తక్కువ. ఇంకో రెండు కారణాలూ ఉన్నాయి. ఆల్బుమిన్ 2.4 ఉన్న మనిషిలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ పుండుపడ్డ పేగులోంచి మలంలోకి కారిపోయి రక్తంలో నిలవదు. ఒకవేళ ఆపరేషన్ తప్పకపోతే సైక్లోస్పోరిన్ ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వారాల తరబడి ఉంటుంది. పైగా జబ్బును దీర్ఘకాలం అదుపులో ఉంచే అజథయోప్రిన్ మాత్రలు ఆమె ఇంతవరకు వాడలేదు. సైక్లోస్పోరిన్ ఒక వంతెన మాత్రమే, అవతలి ఒడ్డున నిలబెట్టే మందు ఒకటి ఉండాలి. అజథయోప్రిన్ ఇప్పటికే విఫలమైన రోగి అయితే నేను ఈ దారి అంత తేలిగ్గా ఎంచుకోను.

మొదలుపెట్టే ముందు చూడాల్సిన సంఖ్యలు రెండు. కొలెస్ట్రాల్ 120 కన్నా తక్కువ ఉన్నా, మెగ్నీషియం బాగా పడిపోయినా ఈ మందుతో మూర్ఛలు రావచ్చు. ఆమె కొలెస్ట్రాల్ 132, మెగ్నీషియం 1.3. మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించి 1.9కి తెచ్చాకే పంపు మొదలుపెట్టాం. 52 కిలోలకు 24 గంటల్లో 104 మిల్లీగ్రాములు, ఆగకుండా. ఇంజెక్షన్‌లో మందును కరిగించడానికి వాడే ఆముదం నుంచి తయారైన ద్రావకం వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది కాబట్టి మొదటి అరగంట డ్యూటీ డాక్టర్ పక్కనే ఉన్నారు.

అప్పుడే కేసు షీటులో ఇంకో వాక్యం రాసి, కుటుంబానికీ చదివి వినిపించాం: మందు మొదలైన ఏడో రోజుకు సరైన ఫలితం లేకపోతే, లేదా ఈలోపు పరిస్థితి దిగజారితే, పెద్దపేగు తీసే ఆపరేషన్. సైక్లోస్పోరిన్ పనిచేయకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అదీ కాకపోతే ఇంకోటి అంటూ వరసగా వాడితే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి, ఆపరేషన్ ఆలస్యమవుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆపరేషన్ తర్వాతి మరణాలు పెరుగుతాయి. స్టోమా నర్సు వచ్చి, ఆపరేషన్ తర్వాత మలం బయటికి రావడానికి పొట్ట మీద చేసే రంధ్రం (స్టోమా) ఎక్కడ పెడతారో చూపించి, దానికి తగిలించే బ్యాగు చేతికిచ్చి పట్టుకోనిచ్చింది. బ్యాగుతో బతికేవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్నారని, చాలామందికి తర్వాత పౌచ్ ఆపరేషన్‌తో (చిన్నపేగుతో లోపలే సంచి కట్టి) బ్యాగు తీసేసే వీలుంటుందని చెప్పింది. రోగి ఆ బ్యాగును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికన్నా బాత్రూమే నయమని చెప్పలేను సిస్టర్" అన్నారు.

విరేచనాలు తగ్గిన రాత్రి

సైక్లోస్పోరిన్ రెండో రోజు రాత్రి, అంటే చేరిన ఐదో రోజు, విరేచనాలు ఉన్నట్టుండి నాలుగుకు పడిపోయాయి. భర్త ఫోనులో అందరికీ చెప్తున్నారు. నేను వెళ్లేసరికి "మందు పట్టేసింది డాక్టర్‌గారూ" అన్నారు. చేయి వేస్తే పొట్ట బిగుసుకుని ఉంది. స్టెతస్కోపు పెడితే పేగు చప్పుడు అంతంత మాత్రం. నాడి 122. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి పొట్టలో ప్రమాదం జరుగుతున్నా నొప్పి, జ్వరం అంతగా తెలియవు, అందుకే నాడినే నమ్మాలి.

వెంటనే ఎక్స్‌రే తీయించాం. అడ్డపేగు 5.1 సెంటీమీటర్లు. 5.5 దాటి, ఒంట్లో విషలక్షణాలు కూడా ఉంటే టాక్సిక్ మెగాకోలన్ అంటాం. గీతకు చాలా దగ్గరగా ఉన్నాం. పొటాషియం 2.8. సర్జన్ అరగంటలో వచ్చారు, థియేటరుకు ముందే చెప్పి ఉంచారు. నోటి ద్వారా అన్నీ ఆపి, పొటాషియం, మెగ్నీషియం ఎక్కిస్తూ, గంటగంటకూ పొట్ట చూస్తూ కూర్చున్నాం. 12 గంటల తర్వాత తీసిన ఎక్స్‌రేలో 4.4, నాడి 98. తెల్లారేసరికి విరేచనాలు మళ్లీ ఏడయ్యాయి. ఇంట్లోవాళ్లు నీరసపడిపోయారు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తీవ్రమైన కొలైటిస్‌లో ఉన్నట్టుండి విరేచనాలు తగ్గితే, చార్టు చూసి సంతోషించే ముందు పొట్ట మీద చేయి వేయాలి. వార్డులో జూనియర్లకు ప్రతిసారీ చెప్పే మాట ఇది.

మందు లెవెల్ 48 గంటలకు చూశాం. ఈ శాంపిల్ సంగతి ఒకటి చెప్పాలి. సైక్లోస్పోరిన్ ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుంటుంది, కాబట్టి మందు ఎక్కుతున్న లైనులోంచి రక్తం తీస్తే లెవెల్ లేనిపోనంత ఎక్కువ చూపిస్తుంది. రెండో చేతి నుంచే తీయాలి. ఆమెకు 286 వచ్చింది, మేము కోరుకున్నది 150 నుంచి 250 నానోగ్రాములు. డోసు కొద్దిగా తగ్గించాం. అరచేతులు మంటలు, వేళ్లు వణకడం, బీపీ 148/94. బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చాం. డిల్టియాజెమ్, వెరాపమిల్ సైక్లోస్పోరిన్ లెవెల్‌ను పైకి నెట్టేస్తాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, ఫంగస్ మందు ఫ్లుకొనజోల్ విషయంలోనూ అదే జాగ్రత్త.

మందు మొదలైన ఐదో రోజుకు విరేచనాలు 4, రక్తం అప్పుడప్పుడూ చారలుగా. సీఆర్‌పీ 14. పొట్ట మెత్తగా ఉంది. ఆ రాత్రి చార్టులో చివరి గడి ఖాళీ. ఆరో రోజు నోటి మాత్రలకు మార్చాం. ఎక్కించిన డోసుకు సుమారు రెట్టింపు, 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు.

ఇంటికి వెళ్లాక

డిశ్చార్జి నాడు ఆమె చేతిలో ఇమ్యూనిటీని అణచే మందులు మూడు: వారానికి 5 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించుకుంటూ పోయే ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు, సైక్లోస్పోరిన్, అజథయోప్రిన్. మూడూ కలిసినప్పుడు న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ తప్పనిసరి. టీబీకి ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు, పిరిడాక్సిన్‌తో కలిపి తొమ్మిది నెలలు. తక్కువ నెలల్లో ముగిసే రిఫాంపిసిన్ కోర్సులు ఉన్నా ఇక్కడ కుదరవు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి సైక్లోస్పోరిన్‌ను, ప్రెడ్నిసొలోన్‌ను కూడా కరిగించేస్తుంది. అంత కష్టపడి తెచ్చిన లెవెల్ వారంలో మాయమవుతుంది. ఐసోనియాజిడ్, అజథయోప్రిన్ రెండూ కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవు కాబట్టి కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాం.

అజథయోప్రిన్ పూర్తి డోసు కిలోకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు, ఈమెకు 100 దాటాలి. కానీ ఎన్‌యూడీటీ15 జన్యువులో ఒక కాపీ లోపం ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. ఈ లోపం ఆసియా ప్రజల్లో తరచు కనిపిస్తుంది. రెండు కాపీలూ లోపమున్నవే అయితే మామూలు డోసుకే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, గుత్తులుగా జుట్టు రాలుతుంది. ఆసియా వాళ్లలో టీపీఎంటీ ఒక్కటే చూసి ధైర్యంగా డోసు పెంచడం సరికాదని నా గట్టి అభిప్రాయం. 25తో మొదలుపెట్టి 50కి పెంచాం, మొదటి రెండు నెలలు వారం వారం రక్తపరీక్ష. ఐదో వారంలో తెల్లకణాలు 3,200కి దిగాయి. మళ్లీ 25కి తగ్గించాం. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ ఆగాక కోట్రైమాక్సజోల్ కూడా ఆపేశాం, అది కూడా కణాలను తగ్గించే మందే. ఆ తర్వాత 50 నిక్షేపంగా సరిపడింది.

సైక్లోస్పోరిన్‌ను మూడున్నర నెలలకు ఆపాం. అజథయోప్రిన్ ప్రభావం పూర్తిగా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అంతకు ముందే వంతెన తీసేయకూడదు. ముఖం మీద వచ్చిన నూగు, చిగుళ్ల వాపు మందు ఆపాక కొన్ని వారాల్లో తగ్గాయి. క్రియాటినిన్ 0.7 నుంచి 0.9 వరకు వెళ్లి మళ్లీ దిగింది.

ఆరో నెలలో కొలొనోస్కోపీ చేస్తే పుండ్లు లేవు, కొంత ఎరుపు మాత్రం మిగిలింది, స్కోపులో కనిపించే తీవ్రతను 0 నుంచి 3 వరకు లెక్కవేసే మేయో స్కోరు 1. ఆ రోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న పిల్లల గురించి. అజథయోప్రిన్ మీద ఉండగా గర్భం దాల్చవచ్చు, మందు ఆపి జబ్బు తిరగబెట్టడమే తల్లికీ బిడ్డకీ ఎక్కువ ప్రమాదమని చెప్పాను. జబ్బు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాక ప్రయత్నించమన్నాను. మెసలమైన్ మానేసిన నాటి సంగతి ఆమే గుర్తు చేసుకుని, ఈసారి మాత్రలు ఆపాలనిపిస్తే ముందు ఫోన్ చేస్తానన్నారు.

ఇప్పటికి ఏడాది దాటింది. రోజుకు రెండు సార్లు, రక్తం లేదు. పేగులో మంటను చూపే కాల్‌ప్రొటెక్టిన్ మలంలో 90. సైక్లోస్పోరిన్‌తో గట్టెక్కినవాళ్లలో కూడా చాలామందికి తర్వాతి సంవత్సరాల్లో పెద్దపేగు తీయాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. అందుకే మూడు నెలలకోసారి కాల్‌ప్రొటెక్టిన్ చూస్తున్నాం. అది 250 దాటితే విరేచనాలు మొదలయ్యే దాకా ఆగకుండా స్కోప్ వేసి, పేగు మీద పనిచేసే వెడొలిజుమాబ్ అనే మందు గానీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ మొదలుపెట్టాలన్నది ప్రస్తుత ప్లాన్. ఐసోనియాజిడ్ కోర్సు పూర్తయింది కాబట్టి, మూడో రోజున పక్కన పెట్టిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇప్పుడు ఆమెకు ఇవ్వదగ్గ మందే.